చందా అడిగే చిత్రం: ఒక చారిత్రక పరిశీలన

కళాచరిత్ర రాసేటప్పుడు మనకొక దురలవాటు వున్నది. నాటకం ఎవరు రాశారు, ఎవరు ఆడారు, అందులో వర్గచైతన్యం ఏపాటిది అని పుటలు నింపుతాం. తెరగుడ్డకూ, పెట్రోమాక్సు దీపాలకూ, రైలు చార్జీలకూ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం అడగం. అది చిన్నతనమనుకుంటాం కాబోలు. రాజు పోషించిన కళ రాజును పొగిడిందని చెప్పడానికి మనం వెనుదీయం. నిర్మాత పెట్టుబడితో తయారైన సినిమా టిక్కెట్ల వసూళ్ళవైపే చూస్తుందనీ చెబుతాం. అలాంటప్పుడు జనం చందాలతో బతికిన కళ ఆ జనాన్ని ఏమని అడిగింది, ఎలా అడిగింది అన్న ప్రశ్నను వదిలేయడం న్యాయం కాదు. అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య వున్న అసలు సంబంధం అడిగే తీరులోనే బయటపడుతుంది.

ఈ ప్రశ్న ఇవాళ మళ్ళీ ముందుకు రావడానికి కారణం వున్నది. లఘుచిత్రం తీయదలచిన కుర్రవాడు గాని, పాటల సంపుటి తేదలచిన గాయని గాని, బొమ్మల పుస్తకం అచ్చువేయదలచిన చిత్రకారుడు గాని, అసలు పని మొదలుపెట్టకముందే రెండు మూడు నిమిషాల చిన్న చిత్రమొకటి తీస్తున్నారు. నేను ఫలానా, ఈ పని చేయదలిచాను, ఇంత డబ్బు కావాలి, ఈ తేదీలోగా ఇవ్వండి అని అందులో చెబుతారు. దీన్ని పిచ్ వీడియో అంటున్నారు. నేను విన్నపపు చిత్రమంటాను. అమెరికాలో 2008లో ఇండీగోగో, 2009 ఏప్రిల్‌లో కిక్‌స్టార్టర్ వెలిసిన తర్వాత ఇదొక ప్రత్యేక ప్రక్రియగా స్థిరపడింది. కిక్‌స్టార్టర్ నియమం కఠినమైనది. చెప్పిన మొత్తం గడువులోగా పూర్తిగా పోగైతేనే డబ్బు చేతికొస్తుంది. తగ్గితే ఎవరి డబ్బు వారి దగ్గరే వుండిపోతుంది. పోగైన దానిలో నూటికి 5 వంతులు సంస్థ తీసుకుంటుంది, చెల్లింపుల ఖర్చు వేరు.

మన మిత్రుల్లో కొందరు దీన్ని కంప్యూటరు యుగపు వింతగా చూస్తున్నారు. మరికొందరు ముష్టి ఎత్తడమని ఈసడిస్తున్నారు. ఇద్దరూ చరిత్రవైపు చూడలేదని నా అభిప్రాయం.

1885 నాటి న్యూయార్కు సంగతి చూడండి. ఫ్రాన్సు నుంచి స్వేచ్ఛామూర్తి విగ్రహం రావలసి వుంది. నిలబెట్టడానికి పీఠం కట్టాలి, డబ్బు చాలలేదు. కోటీశ్వరుల నగరంలో కోటీశ్వరులు చేతులు ముడుచుకు కూర్చున్నారు. అప్పుడు 'ది వరల్డ్' పత్రిక యజమాని జోసెఫ్ పులిట్జరు మార్చి నెలలో తన పత్రికలో విన్నపం మొదలుపెట్టాడు. లక్ష డాలర్లు కావాలన్నాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా ఇచ్చినవారి పేరు అచ్చువేస్తానన్నాడు. ఆగస్టుకు లక్షా పూర్తయింది. ఇచ్చినవారు 1,20,000 మందికి పైగా వున్నారు, వారిలో అత్యధికులు డాలరుకు తక్కువ ఇచ్చినవారే. పిల్లలు తమ చిల్లర డబ్బులు పంపుతూ రాసిన ఉత్తరాలు పత్రికలో వచ్చాయి. పులిట్జరు శ్రామికవర్గ బంధువేమీ కాదు సుమా. ఆ కొద్ది నెలల్లో అతని పత్రిక అమ్మకం కూడా పెరిగింది. అయితే ఒక సంగతి అతను బాగా కనిపెట్టాడు. పెద్దమనుషుల దాతృత్వాన్ని వర్ణిస్తే బీదవాడు కదలడు. తనలాంటి బీదవాడి పేరు పత్రికలో చూస్తే కదులుతాడు.

మన గడ్డమీద ఇంకొక ఉదాహరణ వున్నది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం, తిలక్ స్వరాజ్య నిధికి జూన్ 30లోగా కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. గడువుకు కోటి పూర్తయింది. అందులో బొంబాయి వాటా పెద్దదన్నదీ, అక్కడి వర్తకుల చేయి దానిలో వున్నదన్నదీ మరువరాదు. ఇది కళ కోసం చేసిన వసూలు కాదు. అయినా దీన్ని ఎందుకు ఎత్తుకున్నానంటే, విరివిగా విరాళాలివ్వండి అన్న మాట ఏ చెవినా నిలవదు; మూడు నెలలు, కోటి రూపాయలు అన్న మాట పల్లెలో రచ్చబండ దగ్గర కూడా నిలుస్తుంది. ఆ తేదీ దాటాక ఏమయిందని అడిగే హక్కు కూడా ఆ మాటే ఇస్తుంది. కిక్‌స్టార్టర్ వారు కనిపెట్టామనుకుంటున్న సూత్రం బెజవాడలో అంతకు 88 ఏళ్ళ ముందే అమలు జరిగింది.

ఇక కళ స్వయంగా జోలె పట్టిన సందర్భానికి వద్దాం. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చచ్చిపోతుండగా, వినయ్ రాయ్ నాయకత్వాన బెంగాల్ సాంస్కృతిక దళం ఇతర రాష్ట్రాలు తిరిగింది. పాటా, ఆటా, చిన్న నాటికా ప్రదర్శించి, చూసినవారి దగ్గర చందాలు పట్టి కరువు సహాయానికి పంపింది. ప్రజానాట్య సంఘం ఆ సంవత్సరమే పుట్టింది. మన ప్రజానాట్యమండలి చేపట్టిన బుర్రకథను కూడా ఈ దృష్టితో ఒకసారి చూడాలి. తంబురా పట్టినవాడు కథ నడుపుతాడు. ఒక పక్క వంత హాస్యమాడి జనాన్ని కూర్చోబెడతాడు. రెండో పక్క వంత రాజకీయం మాట్లాడి, ఈ కథతో మీకేమి పని అన్నది విప్పి చెబుతాడు. ముగ్గురిలో ఎవరు లేకపోయినా కథ రక్తికట్టదు. నేడు వచ్చే విన్నపపు చిత్రాలలో నూటికి తొంభై చూస్తే, మొదటివాడొక్కడే కనిపిస్తాడు. నా కథ, నా కల, నా కష్టం అంటాడు. ఇందులో మీకేమి పని అని చెప్పే రెండో వంత జాడే వుండదు.

డబ్బు అడగడానికి సినిమానే సాధనం చేసుకున్న తొలినాటి గొప్ప ప్రయత్నాలలో 1937 నాటి 'స్పానిష్ ఎర్త్' ఒకటి. దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను. స్పెయిన్ ప్రజాప్రభుత్వం మీద ఫ్రాంకో సేనలు విరుచుకుపడిన కాలమది. డచ్చి దర్శకుడు యోరిస్ ఇవెన్స్, ఛాయాగ్రాహకుడు జాన్ ఫెర్నో స్పెయిన్ వెళ్ళి ఈ చిత్రం తీశారు. హెలెన్ వాన్ డాంగెన్ కూర్పు చేసింది. హెమింగ్వే వ్యాఖ్యానం రాశాడు. ఆ సంవత్సరం జూలైలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టుకు శ్వేతసౌధంలో చూపించారు. తర్వాత హాలీవుడ్డులో తారల మధ్య ప్రదర్శించి, స్పెయిన్ యుద్ధరంగానికి అంబులెన్సులు కొనడానికి డబ్బు పోగుచేశారు.

ఈ చిత్రం చూసినవారి జేబులు ఎందుకు కదిలాయి? శవాలు చూపించినందుకే అని కొందరంటారు. నేను ఒప్పుకోను. బాంబులూ, కూలిన ఇళ్ళూ అందులో వున్న మాట నిజం. కాని వాటి పక్కనే ఇవెన్స్ ఫువెంతిదువెన్య అనే పల్లెను చూపించాడు. ఆ పల్లె రైతులు ఎండిన నేలకు నీళ్ళు మళ్ళించడానికి కాలవ తవ్వుతుంటారు. ఆ నీటితో పండే పంట మాడ్రిడ్‌లో పోరాడేవారికి తిండి. చిత్రం యుద్ధానికీ కాలవకూ మధ్య తిరుగుతూ వుంటుంది. చూసేవాడికి జాలి ఒక్కటే కలిగితే అతను కన్నీరు తుడుచుకుని ఇంటికి పోతాడు. తన ముందు ఒక పని సగంలో వున్నదని తెలిస్తే, మిగతా సగంలో తన చేయి కూడా వుండాలనిపిస్తుంది. ఇవెన్స్ చూపించింది ఆ సగం పనిని.

ఇంకొక సంగతి. మొదట ఆ వ్యాఖ్యానాన్ని ఆర్సన్ వెల్స్ చదివాడు. అప్పటికే రంగస్థలం మీదా రేడియోలోనూ పేరు మోగుతున్న కంఠం. అది విన్న మిత్రబృందానికి ఆ గొంతు మరీ నునుపుగా, ఆ బొమ్మలకు అతకకుండా తోచింది. చివరకు ఆ కంఠాన్ని తీసివేసి, నటుడు కాని హెమింగ్వే చేతనే చదివించారు. గొంతులో నాటకీయత లేదు, ఉచ్చారణలో సొగసు లేదు. అయితే ఆ మాటలు అన్న మనిషి స్పెయిన్ వెళ్ళి కళ్ళారా చూసి వచ్చినవాడని గొంతే చెబుతుంది. నేడు అద్దె గొంతుతో, అద్దె సంగీతంతో విన్నపపు చిత్రాలు తీయించుకుంటున్న యువకులు, అవకాశం దొరికితే ఆ రెండు కంఠాలనూ ఒకదాని తర్వాత ఒకటి వినాలి. వెల్స్ చదివిన ప్రతి కూడా మిగిలే వున్నది.

అదే 1937లో ఫ్రాన్సులో జాఁ రెన్వార్ 'లా మార్సెయేజ్' చిత్రానికి ఇంకొక దారి తొక్కాడు. ప్రజాసంఘటన ప్రభుత్వపు రోజులవి. కార్మిక సంఘాల మద్దతుతో 2 ఫ్రాంకుల చందా చీట్లు అమ్మారు; చిత్రం విడుదలయ్యాక టిక్కెట్టు కొనేటప్పుడు ఆ చీటీ విలువ మినహాయిస్తారు. ఆలోచన మహత్తరమైనది. కాని ఆ చందాలు ఖర్చుకు చాలక, చివరకు మామూలు వ్యాపారపద్ధతిలోనే డబ్బు తెచ్చి 1938లో విడుదల చేశారు. ముందుగా టిక్కెట్టు అమ్మడం ఇచ్చేవాణ్ణి సగం కొనుగోలుదారుగా, సగం కామ్రేడుగా చేస్తుంది. ఆ రెండింటి మధ్య తగవు అప్పుడే మొదలయింది, ఇప్పటికీ తీరలేదు.

మన దేశంలో ఈ విషయం రాగానే అందరూ 'మంథన్' పేరు చెబుతారు. చెప్పవలసిందే. హైదరాబాదు శివారు అల్వాల్‌లో పెరిగి, 1974లో 'అంకుర్'తో తెలంగాణ దొరల లోగిళ్ళను తెరకెక్కించిన శ్యామ్ బెనెగళ్, 1976లో గుజరాత్ పాల సహకార సంఘాల మీద ఈ చిత్రం తీశాడు. 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే 10 లక్షలయింది. ఆ రైతులే సమర్పకులని చిత్రం మొదట్లో వేశారు. విడుదలయ్యాక లారీలెక్కి వచ్చి చూశారు. తమ చిత్రాన్ని తామే చూసుకోవడానికి వచ్చారన్నమాట.

అయితే ఇక్కడ ఒక చిక్కు వున్నది, దాన్ని దాటవేయరాదు. ఆ 2 రూపాయలు పాల సంఘాల ద్వారా, రైతుకు చెల్లించే పాల డబ్బులోనుంచి వచ్చాయి. వర్గీస్ కురియన్ వంటి నాయకుడు అడిగితే సంఘం కాదనదు. సంఘం ఔనన్నాక రైతు ఒక్కడూ కాదనగలడా? చిత్రం మీద నాకు గౌరవం వున్నది. ఈ ప్రశ్న మాత్రం వదలదు. ఇంకొక సంగతి కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. 'మంథన్'కు విన్నపపు చిత్రం అక్కరలేకపోయింది, ఎందుకంటే ఇచ్చేవారు అప్పటికే ఒక నిర్మాణంలో వున్నారు. పదేళ్ళ తర్వాత కేరళలో జాన్ అబ్రహం, ఒడెస్సా బృందం 'అమ్మ అరియాన్' కోసం ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పట్టారు. సహకార సంఘం లేనిచోట కాళ్ళే పనిచేయాలి. కాళ్ళూ సంఘమూ రెండూ లేని ఒంటరి కళాకారుడికి నేడు మిగిలింది తెర.

ఆ తెర మీద ఏమి జరిగిందో చూద్దాం. 2012 ఫిబ్రవరిలో టిమ్ షేఫర్ అనే ఆటల రూపకర్త కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగాడు. తన కార్యాలయంలోనే తిరుగుతూ, తన్ను తానే వేళాకోళం చేసుకుంటూ, ఈ తరహా ఆటకు ఏ ప్రచురణ సంస్థా డబ్బివ్వదని ఉన్నమాట చెప్పాడు. అంతకన్న ముఖ్యమైనది ఇంకొకటి చెప్పాడు: ఆట తయారయ్యే క్రమాన్నంతా, తప్పటడుగులతో సహా, డాక్యుమెంటరీగా తీసి చూపిస్తామన్నాడు. 87,000 మందికి పైగా కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. ఆట చెప్పిన వేళకు రాలేదు. మొదటి భాగం 2014లో, రెండోది 2015లో వచ్చాయి. కాని ఎందుకు ఆలస్యమయిందో ఇచ్చినవారు కళ్ళారా చూశారు. ఆలస్యం ఒక్క షేఫర్ సొత్తు కాదు. ఈథన్ మోలిక్ 2014లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఇలా డబ్బు పోగైన వస్తు నిర్మాణాలలో నూటికి 75కు పైగా చెప్పిన గడువు దాటాయి. వీడియో వున్న విన్నపాలు ఎక్కువగా నెగ్గుతాయనీ, అక్షరదోషాలున్నవి ఎక్కువగా ఓడుతాయనీ కూడా అందులో తేలింది. తెలుగు ఉపాధ్యాయుణ్ణి కనుక రెండో సంగతి నాకు కొంత సంతోషం కలిగించింది.

అదే ఏడు సెప్టెంబరులో కిక్‌స్టార్టర్ సంస్థ, మాది దుకాణం కాదని ప్రకటించవలసి వచ్చింది. యంత్రాలు, వస్తువుల విభాగాలలో, ఇంకా తయారుకాని వస్తువు తయారైనట్టు కంప్యూటరుతో సృష్టించిన బొమ్మలు చూపరాదనీ, ఇప్పుడున్న నమూనా ఎంతవరకు పనిచేస్తున్నదో అంతే చూపాలనీ నియమం పెట్టింది. ఇచ్చేవారు కొనుగోలుదారులుగా మారిపోయి, వస్తువు ఏదని నిలదీయసాగారు గనుక ఈ నియమం వచ్చింది. కోరికను రెచ్చగొట్టడమే ప్రకటనల చిత్రం పని. ఆ భాషలో అడిగినవాడికి ఆ భాషలోనే జవాబు వస్తుంది.

2013లో సంగతి ఇంకా ముదిరింది. వార్నర్ బ్రదర్స్ సొత్తయిన 'వెరోనికా మార్స్' టెలివిజన్ కథను సినిమాగా తీయడానికి 20 లక్షల డాలర్లు అడిగారు. నటీనటులే వచ్చి నవ్వించిన ఆ విన్నపపు చిత్రం ఒక్క రోజు తిరగకముందే ఆ మొత్తం తెచ్చింది. చివరకు 91 వేలకు పైగా అభిమానులు 57 లక్షలు సమర్పించారు. హక్కులు కంపెనీవి, నష్టభయం అభిమానులది. చిత్రం ఎంత ఫలప్రదమో అంత ప్రమాదకరమని దీన్నిబట్టి తెలుస్తుంది. నైపుణ్యం ఎవరి చేతిలోనైనా పనిచేస్తుంది.

నాకు అన్నిటికన్న ఆలోచించదగ్గదిగా తోచేది అమాండా పామర్ అనే గాయని ఉదంతం. 2012లో ఆమె వీధిలో నిలబడి, నోరు విప్పకుండా, చేత్తో రాసిన అట్టలు ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. ఖరీదైన అలంకారమేదీ లేదు. లక్ష డాలర్లు అడిగితే దాదాపు 25,000 మంది కలిసి 12 లక్షలకు దగ్గరగా ఇచ్చారు. ఆ డబ్బు దేనికెంత పోతుందో లెక్క కూడా ఆమె బయటపెట్టింది. అంతవరకు బాగానే వుంది. కాని సెప్టెంబరులో కచేరీల యాత్రకు బయలుదేరినప్పుడు, ఊరూరా తంత్రీవాద్యాలూ బాకాలూ వాయించేవారు డబ్బు తీసుకోకుండా వచ్చి తనతో వాయించాలని పిలుపునిచ్చింది. వాద్యకారులు మండిపడ్డారు. పన్నెండు లక్షలు పోగుచేసుకున్న మనిషి వాయించినవాడికి కూలి ఇవ్వదా అని అడిగారు. చివరకు ఆమె ఇస్తానన్నది, ఇచ్చింది. అంత నిజాయితీగా కనిపించిన ఆ అట్టల మీద ఈ ఒక్క లెక్క లేదు. కళాకారుడికీ అభిమానికీ మధ్య సంబంధం ఎంత ఆర్ద్రంగా వున్నా, ఆ ఆర్ద్రతకు చాటున కూలివాడు మాయమయ్యే అవకాశం వుంటుంది.

ఈ మధ్య మా కళాశాల విద్యార్థులు నలుగురైదుగురు ఒక వీడియో తెచ్చి, "చూడండి మాస్టారూ" అన్నారు. జిల్లాలో మిగిలిన ఒక బుర్రకథ బృందం మీద అరగంట చిత్రం తీయాలని వారి సంకల్పం. వీడియోలో మొదట డ్రోను మీదనుంచి కృష్ణానది కనిపించింది. తర్వాత అద్దె గొంతు. తర్వాత ముసలి కథకుడి గుడిసె, చిరిగిన చాప, కన్నీళ్ళు. చివర ఒక బ్యాంకు ఖాతా. మన దేశంలో మిలాప్, కెట్టో వంటి వేదికల మీద కనిపించే విన్నపాలలో అధికభాగం ఆసుపత్రి ఖర్చుల కోసం వచ్చేవే. వైద్యాన్ని ప్రభుత్వం గాలికొదిలేసిన సమాజంలో అంతకన్న ఏమవుతుంది? ఆ ఏడుపు భాష మన పిల్లల చేతికి అలవాటయిపోయింది. రోగి కోసం అడిగే భాషలో కళాకారుడి కోసం అడిగితే, కళాకారుడు రోగిగానే మిగులుతాడు.

"ఏమయ్యా, ఆయన కథ చెప్పడం ఒక్క నిమిషమైనా ఎందుకు లేదు?" అన్నాను. నిశ్శబ్దం. మళ్ళీ వెళ్ళారు. ఈసారి తెచ్చినదానిలో ఆ పెద్దాయన తంబురా శ్రుతి చేసుకుంటూ, డక్కీ తప్పు వాయించిన మనవణ్ణి కసురుతున్నాడు. హాస్యం వంత ఆ కసురును పట్టుకుని నవ్విస్తున్నాడు. తర్వాత విద్యార్థిని ఒకతె తన గొంతుతోనే, తమ యాసలోనే, ఎంత కావాలో, ఎప్పటిలోగా కావాలో, తీశాక ఏయే ఊళ్ళలో ఉచితంగా చూపిస్తారో చెప్పింది. రెండు నిమిషాలు. తెలుగులో ఈ తరహా ప్రయత్నాలు లేకపోలేదు. 2018లో వచ్చిన 'మను' చిత్రానికి ఫణీంద్ర నర్సెట్టి నూటికి పైగా మంది దగ్గర డబ్బు సమీకరించాడు. అంతకుముందు తీసిన 'మధురం' అనే లఘుచిత్రమే జనానికి అతని పరిచయపత్రమయింది. చేసిన పని చూపడం కన్న బలమైన విన్నపం లేదని విద్యార్థులకు దాన్నే చూపించాను. లాభంలో వాటా ఇస్తామన్న మాట వీడియోలో ఎక్కడా దొర్లరాదని కూడా హెచ్చరించాను. అది చట్టానికి సంబంధించిన వేరే తలనొప్పి.

తర్వాత ఖర్చుల పట్టిక తెర మీద వేశారు. కెమెరా అద్దె, ప్రయాణాలు, భోజనాలు, కథకుడి బృందానికి రోజుకింత. అది చూసి, ఆ అమ్మాయే నావైపు తిరిగి, "మాస్టారూ, ఎడిటింగ్ చేసే వాడికి ఏమీ వేయలేదు, స్నేహితుడే గదా అని" అన్నది. ఆ కుర్రవాడు పక్కనే వున్నాడు. నాకేమీ వద్దని తల వూపాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎంత వేయాలన్నదాని మీద వాళ్ళు నలుగురూ చీకటిపడేదాకా వాదించుకున్నారు. పట్టికలో కొత్త గడి మాత్రం అప్పటికే గీశారు.